పాత ప్లాస్మా టీవీ కొందామా, కొత్త ఎల్‌ఈడీ కొందామా?



మన డైనింగ్ హాల్లో డబ్బా టీవీ పోయిన సంగతి అందరికీ తెలిసిందే. మొన్న ఉరుముల వానకి టప్పుమని ఆగింది, మళ్ళీ లేవలేదు. పాత విద్యార్థి అన్నలు చందా వేసుకుని కొంత డబ్బు పంపించారు. నెల్లూరులో ఒక పాత సామాన్ల అంగట్లో 42 అంగుళాల ప్లాస్మా టీవీ 4,500 రూపాయలకి ఇస్తామన్నారంట. కొత్త ఎల్‌ఈడీ అయితే 32 అంగుళాలదే 9,500. మా పదో తరగతి వాళ్ళంతా "సగం డబ్బుకే పెద్ద బొమ్మ వస్తుంటే ఇంకా ఆలోచనేందిరా" అంటున్నారు. వార్డెన్ సారు మాత్రం "ముందు అదేందో తెలుసుకుని గోడపత్రికలో రాయండి, చదివినాక మాట్లాడదాం" అన్నారు. ఫిజిక్సు సారుని నాలుగు సాయంత్రాలు విసిగించి నేను తెలుసుకున్నది ఇది.

ప్లాస్మా అంటే రక్తంలో ఉండేది కాదు. ఘన, ద్రవ, వాయు స్థితుల తరువాత నాలుగో స్థితి. వాయువుకి బాగా శక్తినిస్తే దాని పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి. అప్పుడు అది కరెంటుని మోస్తుంది, వెలుగుతుంది. మెరుపు ప్లాస్మాయే, సూర్యుడూ ప్లాస్మాయే. మన వరండా ట్యూబులైటులో జరిగేదీ అదే. ట్యూబులో పాదరసం ఆవిరి ఉంటుంది. కరెంటు పోతే అది అతినీలలోహిత కిరణాలు వదులుతుంది. అవి మన కంటికి కనపడవు. గొట్టం లోపల పూసిన తెల్ల పొడి ఉంది చూశారా, దాన్ని ఫాస్ఫర్ అంటారు, అది ఆ కిరణాలను తాగి మామూలు వెలుగు ఇస్తుంది.

ప్లాస్మా టీవీ అంటే రెండు గాజు పలకల మధ్య ఇరికించిన లక్షల బుల్లి ట్యూబులైట్లు, అంతే! పాదరసం బదులు నియాన్, జెనాన్ వాయువులుంటాయి. ఒక్కో చుక్కకి ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు గదులు. 42 అంగుళాల పాత టీవీలు చాలా వాటిలో అడ్డంగా 1024, నిలువుగా 768 చుక్కలు. గుణించి చూడండి, మూడు రంగులకీ కలిపి 23 లక్షల 59 వేల పైచిలుకు గదులు. దీన్ని 1964లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో డోనాల్డ్ బిట్జర్, జీన్ స్లాటో, రాబర్ట్ విల్సన్ అనే ముగ్గురు కనిపెట్టారు. సినిమాల కోసం కాదు, విద్యార్థులకు పాఠాలు చెప్పే ప్లేటో అనే కంప్యూటరు కోసం.

ఇక ఎల్‌ఈడీ టీవీ అని అంగట్లో అమ్మేది నిజానికి ఎల్‌సీడీయే. వెనక ఎల్‌ఈడీ దీపాలు ఎప్పుడూ వెలుగుతుంటాయి. ముందర ద్రవ స్ఫటికాల పొర కిటికీ రెక్కల్లాగా తెరుచుకుంటూ మూసుకుంటూ వెలుగుని వదులుతుంది. తలుపు ఎంత గట్టిగా వేసినా సందులోంచి వెలుతురు కారినట్టు, నలుపు చూపించాల్సిన చోట కూడా కొంచెం కారుతుంది. అందుకే నలుపు బూడిద రంగులో ఉంటుంది. ఓఎల్‌ఈడీ అని ఇంకోటుంది. దాంట్లో ప్రతి చుక్కా తనకు తానే వెలుగుతుంది, వెలగకపోతే కటిక నలుపే. దాని ధర మన చందాతో అందేది కాదు కనుక వదిలేస్తున్నా.

ఈ తేడా నేను కళ్ళారా చూశాను. 2024 డిసెంబరు 30 రాత్రి 10 గంటలకి శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ60 స్పేడెక్స్ ఉపగ్రహాలని తీసుకెళ్ళింది. మనమంతా గ్రౌండులోకి పరుగెత్తి ఆ ఎర్రటి నిప్పు పైకి పోవడం చూశాం కదా. మరునాడు క్లాసులో పెద్ద ప్యానెల్ మీద అదే వీడియో వేస్తే ఆకాశం పొయ్యిలో బూడిద లాగుంది. సంక్రాంతి సెలవులకి పోయినప్పుడు మా మామ ఇంట్లో ప్లాస్మాలో చూశా. రాత్రి రాత్రి లాగే ఉంది, మంట మంట లాగే ఉంది! కబడ్డీలో ఆటగాడు కూతకి పోయినా బొమ్మ చెదరలేదు. ఆ రోజు నేనూ ప్లాస్మా పార్టీయే.

మా మామ రొయ్యల గుంటల కాడ కాపలా. ఆ టీవీని ఒక పాత సామాన్ల అంగట్లో 3,500కి కొన్నాడు. పది రోజులైనాక గమనించాం, ఏ ఛానెల్ పెట్టినా తెర కింద ఒక పట్టీ నీడ. మునుపటి వాళ్ళు రోజంతా వార్తల ఛానెల్ పెట్టుకునే వాళ్ళంట. కదలని బొమ్మ ఒకే చోట గంటల తరబడి ఉంటే అక్కడి ఫాస్ఫర్ మిగతాదానికంటే ముందు అరిగి, దాని ఆనవాలు ఉండిపోతుంది. మా అవ్వ దాన్ని దెయ్యం అని రాత్రిపూట టీవీ మీద దుప్పటి కప్పేది. వానాకాలం వచ్చేసరికి టీవీ పూర్తిగా ఆగింది. ఆన్ చేస్తే టక్ మని ఒక శబ్దం, ఎర్ర దీపం మిణుకుమిణుకు, అంతే. మెకానిక్ వెనక విప్పి, బోర్డు పోయిందని, అదే మోడలు చచ్చిన టీవీ ఇంకోటి దొరికితే దాని బోర్డు వేస్తానని చెప్పాడు. ఇంతవరకు దొరకలేదు.

అసలు కథ ఇక్కడుంది. చివరి రోజుల్లో వచ్చిన ప్లాస్మా తెరలు లక్ష గంటలకి గాని వెలుగు సగానికి తగ్గవని కంపెనీలు చెప్పుకున్నాయి. రోజుకి 4 గంటలు చూస్తే 68 ఏళ్ళు! తెర నిలబడుతుంది సరే, దాన్ని నడిపే బోర్డులు నిలబడవు. పానాసోనిక్ 2013 చివర్లో, శాంసంగ్, ఎల్జీ 2014లో ప్లాస్మా తయారీ ఆపేశాయి. కాబట్టి ఇప్పుడు దొరికే ఏ ప్లాస్మాకైనా పదేళ్ళు దాటినట్టే. పైగా మనది సముద్రపు ఒడ్డు. కొత్త మేకు కొట్టిన ఏడాదికే తుప్పు రాలుతుంది. ఆ ఉప్పుగాలి బోర్డుల మీది రాగి తీగలని వదులుతుందా? (ఎల్‌ఈడీని కూడా వదలదు, కానీ దానికి బోర్డు దొరుకుతుంది.)

ఇప్పుడు కరెంటు లెక్క. 42 అంగుళాల ప్లాస్మా సుమారు 250 వాట్లు తాగుతుంది, 32 అంగుళాల ఎల్‌ఈడీ 50. రోజుకి 4 గంటల చొప్పున నెలకి ప్లాస్మాకి 30 యూనిట్లు, ఎల్‌ఈడీకి 6. యూనిట్ 7 రూపాయలనుకుంటే నెలకి 168 రూపాయల తేడా, ఏడాదికి 2,016. ఇప్పుడు మిగిలిందనుకునే 5,000 రెండున్నర ఏళ్ళలో బిల్లు రూపంలో పోతుంది.

బిల్లు మనం కట్టేది కాదు కదా అని ఎవరన్నా అంటే ఇన్వర్టరు సంగతి వినండి. మన బ్యాటరీ 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్లు. గుణిస్తే 1,800 వాట్ అవర్లు. నష్టాలు పోను 1,200 వాడుకోవచ్చని సారు చెప్పారు. 9 వాట్ల బల్బులు ఆరు వేసి ప్లాస్మా పెడితే నాలుగు గంటలు కూడా రాదు. ఎల్‌ఈడీ అయితే పదకొండు గంటలు దాటుతుంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను మన తీరం వెంబడే పోయి 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. కరెంటు పోయి చీకట్లో కూర్చున్నప్పుడు, మన గూడేల్లో అమ్మా నాయనా ఎట్లున్నారో తెలియక చిన్న క్లాసుల పిల్లలు ఏడ్చింది నాకింకా గుర్తు. వార్డెన్ సారు ఫోనులో చార్జింగ్ ఉన్నంతసేపే వార్తలు విన్నాం.

అయినా చూసి రావాలని పట్టుబట్టే వాళ్ళకి కొన్ని మాటలు. పెన్‌డ్రైవులో ఉత్త తెలుపు, ఉత్త ఎరుపు బొమ్మలు వేసుకుని పోండి. వాటి మీదే నీడలు బయటపడతాయి. కనీసం గంటసేపు ఆడించి చూడండి, బోర్డు జబ్బులు వేడెక్కాకే తెలుస్తాయి. 600 హెర్ట్జ్ అని రాసుందని మురిసిపోవద్దు, అది సెకనుకి 600 బొమ్మలని కాదు, ఒక్కో బొమ్మని పది మెరుపులుగా విడగొట్టి చూపించే లెక్క. హెచ్‌డీఎంఐ రంధ్రం ఉందో లేదో చూడండి. ఆటోలో పడుకోబెట్టి తేకూడదు, గాజు పగులుతుంది, నిలబెట్టే తేవాలి. వెనక మూత మాత్రం ఎవరూ విప్పొద్దు, లోపల సుమారు 200 వోల్టులుంటాయి, ప్లగ్గు తీసినా కాసేపు నిలవుంటాయి.

నా ఓటు 32 అంగుళాల ఎల్‌ఈడీకే. నలుపు బూడిదగా ఉంటే ఉండనీ. కొన్నాక సముద్రం వైపు కిటికీల పక్కన కాకుండా స్టోరు రూము గోడకి బిగించమని వార్డెన్ సారుని కోరుతున్నాను. కాదనే పదో తరగతి వాళ్ళ కోసం ఈ కాగితం కింద జాగా వదిలాను. అక్కడ రాయండి, కాగితం చించొద్దు.