లోపభూయిష్ట విద్యుత్ తీగల ఉపసంహరణ – వినియోగదారులకు సూచనలు

ల్యాప్‌టాప్ అడాప్టరును గోడ సాకెట్‌కు కలిపే తీగ మితిమీరి వేడెక్కితే కాలిన గాయాలకు, అగ్నిప్రమాదానికి దారితీస్తుంది. ఈ కారణంగానే హ్యూలెట్-ప్యాకార్డ్ సంస్థ ‘ఎల్‌ఎస్-15’ అనే ఆంగ్ల గుర్తు గల తీగలను 2014 ఆగస్టులో అమెరికాలో సుమారు 56 లక్షలు, కెనడాలో 4,46,700 మేర ఉపసంహరించింది. 2010 సెప్టెంబరు నుండి 2012 జూన్ వరకు విక్రయించిన ఈ తీగలు వేడెక్కి కరిగినట్లు, మాడినట్లు 29 ఫిర్యాదులు అందాయి. ఇద్దరికి స్వల్పంగా కాలిన గాయాలైనట్లు అందులో పేర్కొనడం జరిగింది. తీగలకు బదులు కొత్తవి ఉచితంగా అందజేశారు. అదే సంవత్సరం డిసెంబరులో లెనోవో సంస్థ సైతం ఇదే గుర్తు గల తీగలను ఉపసంహరించింది.

కంప్యూటరు మూలపడినా దాని తీగ వేరొక పరికరానికి వాడుకలో ఉండవచ్చు. కనుక అడాప్టరులో అమర్చే కొనపై ఈ గుర్తు ఉన్నదేమో వినియోగదారులు పరిశీలించాలి. ఉన్నట్లయితే స్విచ్ ఆపి, తీగను తొలగించి, వాడకం పూర్తిగా నిలిపివేయాలి.