చలి బయటే... ఇల్లంతా వెచ్చగా!

పొద్దున్నే దుప్పట్లోంచి లేవబుద్ధి కాదు. లేచాక పొయ్యి దగ్గర్నుంచి కదలబుద్ధి కాదు. పళ్లెంలో వేడివేడిగా ఏది పడినా ఇంకాస్త తినాలనిపిస్తుంది. చలికాలమంటే అంతే మరి! ఆదిలాబాద్‌లో ఉష్ణోగ్రత సింగిల్‌ డిజిట్‌కు పడిపోయిందనో, లంబసింగిలో మంచు కురుస్తోందనో వార్త రాగానే హైదరాబాద్‌, విజయవాడల్లోనూ స్వెటర్లు బయటికొస్తాయి. సాయంత్రమైతే చాలు, అందరూ ఇంటి ముఖం పడతారు. ఇంటిల్లిపాదీ ఒక్కచోట కూర్చుని కబుర్లు చెప్పుకోవటానికి ఇంతకన్నా మంచి కాలం లేదు. కానీ తాతయ్యకు బీపీ పెరిగేదీ, నానమ్మకు మోకాళ్లు పట్టేసేదీ, ఆస్థమా ఉన్న పిల్లలకు పిల్లికూతలు మొదలయ్యేదీ ఇప్పుడే. అలాగని సరదాలు మానుకోనక్కర్లేదు. ఎవరికి ఏది సరిపడుతుందో తెలిసి, కాస్త సర్దుకుంటే చాలు.

వంటింట్లోనే సగం మందు

చలికి ఆకలి ఎక్కువగా అనిపించటం మామూలే. ఒళ్లు వెచ్చబడాలని మనసు వేడి పదార్థాల మీదికి పోతుంది. ఆ కోరికను పకోడీలు, మిర్చి బజ్జీలతోనే తీర్చుకుంటే బరువు పెరుగుతుంది. మన ఇళ్లలో అంతకన్నా మంచి వంటలే ఉన్నాయి.

ధనుర్మాసం రాగానే వండే పులగాన్నే చూడండి. బియ్యం ప్రొటీన్‌లో లైసిన్‌ అనే అమైనో ఆమ్లం తక్కువ. పెసరపప్పులో అది దండిగా ఉంటుంది. రెండూ కలిస్తే లోటు పూడుతుంది. తేలిగ్గా అరుగుతుంది కాబట్టి పళ్లు లేని పెద్దలకూ, ఏడాది దాటిన పసివాళ్లకూ ఒకే గిన్నెలోంచి పెట్టొచ్చు. పొట్టు పెసరపప్పుతో చేస్తే పీచూ అందుతుంది.

జలుబు చేసినప్పుడు మిరియాల చారు తాగితే ముక్కు వదులైనట్టు ఉంటుంది. వేడి ద్రవం, దాని ఆవిరి చిక్కబడిన చీమిడిని పలచబరచటమే ఇందుకు కారణం. ఇది జలుబు వైరస్‌ను చంపదు, హాయినిస్తుందంతే. సాధారణ జలుబు వారం, పది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. దీనికి యాంటీబయాటిక్‌ మందులు పనిచేయవు. ఇంట్లో మిగిలిపోయిన మాత్రలు వేసుకోవటం అసలే తగదు.

భోగినాడు రాయలసీమ, తెలంగాణ ఇళ్లలో నువ్వులద్దిన సజ్జ రొట్టెలు కాలుస్తారు. సజ్జల్లో జొన్నల కన్నా ఇనుము ఎక్కువ. నువ్వుల్లో క్యాల్షియం దండిగా ఉంటుంది. ఆ రొట్టెలోకి చిక్కుడుకాయ, వంకాయ కూర పెట్టుకుని, పక్కన ఓ నిమ్మచెక్క పిండుకుంటే అందులోని విటమిన్‌ సి ఇనుము ఒంటికి పట్టేలా చేస్తుంది. తిన్న వెంటనే టీ తాగితే మాత్రం ఆ ప్రయోజనం తగ్గిపోతుంది. కనీసం గంట ఆగటం మంచిది.

చిత్తూరు వైపు చలికాలమంటే అనపకాయలే. గింజలు వలిచి, రాత్రంతా నానబెట్టి, పొద్దున ఒక్కొక్కటీ వేళ్లతో పితికి పొట్టు తీస్తారు. అందుకే అది పితికిపప్పు అయ్యింది. ఒక్కరే చేస్తే విసుగు పుట్టే పని. నలుగురూ చుట్టూ కూర్చుంటే అరగంటలో అయిపోతుంది. పిల్లల చేతికి ఫోన్‌ బదులు ఓ గిన్నెడు గింజలివ్వండి. ఎవరు ఎక్కువ పితుకుతారో పందెం పెడితే వాళ్లే వదలరు. గోదావరి జిల్లాల్లో కాల్చిన తేగలు, మిగతాచోట్ల ఉప్పు వేసి ఉడికించిన పచ్చి కందికాయలు, చిలగడదుంపలు కూడా ఇలాంటివే. ఒలుచుకుంటూ తినాలి కాబట్టి నెమ్మదిగా తింటాం. పీచు మూలంగా కడుపు నిండినట్టూ ఉంటుంది.

నలుగురికి పులగం

పొట్టు పెసరపప్పు కప్పు, బియ్యం కప్పు తీసుకోవాలి. పప్పును దోరగా వేయించి, బియ్యంతో కలిపి కడగాలి. ఐదు కప్పుల నీళ్లు, కొద్దిగా పసుపు, అల్లం ముక్కలు, తగినంత ఉప్పు వేసి కుక్కర్‌లో నాలుగు కూతలు రానివ్వాలి. రెండు చెంచాల నెయ్యిలో చెంచా జీలకర్ర, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, కరివేపాకు వేయించి కలపాలి. బీపీ ఉన్నవారికి ఉప్పు తగ్గించి, ఆవకాయకు బదులు పల్లీ పచ్చడి వడ్డిస్తే సరి.

అరిసెలు ఎన్ని తినొచ్చు?

పండగ దగ్గర పడుతుంటే డబ్బాలు నిండుతాయి. అరిసెలు, సకినాలు, నువ్వుల ఉండలు... ఊరి నుంచి వచ్చినవి కొన్ని, ఇంట్లో చేసినవి కొన్ని. 'బెల్లమే కదా, చక్కెర కాదుగా' అని మధుమేహులు ధైర్యం చేసేది ఇక్కడే. బెల్లంలో కొన్ని ఖనిజాలుంటే ఉండొచ్చు గానీ రక్తంలో గ్లూకోజును అదీ పెంచుతుంది. కేలరీల్లోనూ చక్కెరకు పెద్దగా తేడా లేదు. ఒక్క అరిసెతోనే వందకు పైగా కేలరీలు వస్తాయి.

పూర్తిగా వద్దంటే ఎవరూ చూడనప్పుడు డబ్బా మూత తీస్తారు. దానికన్నా కొలత పెట్టుకోవటం మేలు. షుగర్‌ అదుపులో ఉన్నవారు డాక్టర్‌ను అడిగి, భోజనంలో అన్నం తగ్గించుకుని సగం అరిసె తినొచ్చు. ఖాళీ కడుపుతో వద్దు. అందరూ తింటున్నప్పుడు నానమ్మ ఒక్కరూ చూస్తూ కూర్చోవాల్సిన అవసరం రాకుండా ఆమె కోసం వేయించిన నువ్వులు, పల్లీలను కాస్త ఉప్పుకారంతో పొడి చేసి పెట్టండి. జొన్నరొట్టెలో అద్దుకోవటానికి బాగుంటుంది. నువ్వుల్ని గింజలుగా మింగటం కన్నా పొడి చేస్తేనే బాగా అరుగుతాయి కూడా.

ఎండపొడలో కాసేపు

వేసవిలో తప్పించుకు తిరిగే ఎండ ఇప్పుడు హాయిగా ఉంటుంది. చర్మంలో విటమిన్‌ డి తయారయ్యేదీ ఎండతోనే. అయితే పొద్దున్నే వచ్చే నీరెండ ఇందుకు అంతగా పనికిరాదు. సూర్యుడు కాస్త పైకి వచ్చాక, అంటే 10 గంటల నుంచి 3 గంటల మధ్య ఎండలోనే అవసరమైన కిరణాలుంటాయి. కిటికీ అద్దం లోంచి పడే ఎండతో విటమిన్‌ డి తయారు కాదు. సెలవురోజు డాబా మీదో, బాల్కనీలోనో చాప పరిచి ముఖం, చేతులు, కాళ్ల మీద ఎండ పడేలా 20, 30 నిమిషాలు కూర్చోండి. రేగిపళ్లు, ఉసిరికాయ ముక్కలు పక్కన ఉంటే మరీ మంచిది. ఉసిరిలో విటమిన్‌ సి నారింజ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

కూర్చునే ముందు ఒంటికి కొబ్బరినూనో, నువ్వులనూనో రాసుకుని ఆనక గోరువెచ్చటి నీళ్లతో స్నానం చేస్తే చర్మం పొడిబారదు. పొగలు కక్కే నీళ్లతో అరగంట స్నానం చేస్తే మాత్రం చర్మంలోని సహజమైన నూనెలు పోయి దురద మొదలవుతుంది. ఒళ్లు తుడుచుకోగానే, కాస్త తడి ఉండగానే మాయిశ్చరైజర్‌ రాసుకోవాలి.

తాతయ్య వాకింగ్‌ కాస్త ఆలస్యంగా

చలికి చర్మం కింద ఉండే రక్తనాళాలు కుంచించుకుపోతాయి. ఒంట్లో వేడి బయటికి పోకుండా శరీరం చేసుకునే ఏర్పాటు ఇది. దీంతో రక్తపోటు పెరుగుతుంది, గుండెకు పని ఎక్కువవుతుంది. తెల్లవారుజామున సహజంగానే బీపీ పెరిగే సమయం. దానికి చలీ తోడైతే గుండెజబ్బు ఉన్నవారికి ముప్పే. మంచు పట్టిన వేళ పొగ, దుమ్ము కూడా నేలకు దగ్గరగానే నిలిచిపోతాయి కాబట్టి ఆస్థమా, సీవోపీడీ ఉన్నవారికి ఆయాసం పెరగొచ్చు.

'ముప్పై ఏళ్లుగా ఐదింటికే వెళ్తున్నా' అని తాతయ్య పట్టుబట్టొచ్చు. నడక మానమని చెప్పొద్దు. ఎండ వచ్చాక ఎనిమిదింటికి వెళ్లమనండి. మనవణ్ని తోడివ్వండి. తలకు మఫ్లర్‌, కాళ్లకు సాక్సులు ఉండాలి. ఒక్క మందపాటి స్వెటర్‌ కన్నా రెండు మూడు పలచటి దుస్తులు ఒకదాని మీద ఒకటి వేసుకుంటే మధ్యలో గాలి నిలిచి వెచ్చగా ఉంటుంది. ఇంట్లో బీపీ మిషన్‌ ఉంటే వారానికి రెండు, మూడుసార్లు చూసి రాసిపెట్టండి. ఎక్కువగా ఉంటే మాత్రల మోతాదు సొంతంగా మార్చకుండా డాక్టర్‌కు ఆ కాగితం చూపించాలి. దాహం వేయకపోయినా నీళ్లు తాగుతుండాలి.

ఇంకో జాగ్రత్త. మధుమేహంతో పాదాల్లో స్పర్శ తగ్గినవారికి వేడి నీళ్ల బ్యాగు చురుక్కుమనదు. చర్మం కాలి బొబ్బలెక్కేదాకా తెలియదు. వాళ్ల కాళ్లకు సాక్సులే మేలు.

తలుపులన్నీ మూసి కుంపటి వద్దు

చలిమంట ఆరుబయట ఎంత సరదాయో, గదిలో అంత ప్రమాదం. కిటికీలన్నీ బిగించి బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుంటే కార్బన్‌ మోనాక్సైడ్‌ పోగవుతుంది. దానికి రంగుండదు, వాసనుండదు. ఆక్సిజన్‌ కన్నా 200 రెట్లకు పైగా బలంగా రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మత్తు... నిద్రలో ఉన్నవారికి ఇవీ తెలియవు. గాలి ఆడని బాత్రూమ్‌లో గ్యాస్‌ గీజరుతోనూ ఇదే ముప్పు. గదిలో ఎవరైనా ఇలా మత్తుగా కనిపిస్తే వెంటనే తలుపులు తెరిచి, బయటి గాలిలోకి తెచ్చి, 108కు ఫోన్‌ చేయాలి. భోగి మంటలోనూ టైర్లు, ప్లాస్టిక్‌ వేయొద్దు. ఆస్థమా ఉన్న పిల్లల్ని పొగ రాని వైపు నిలబెట్టి, ఇన్‌హేలర్‌ జేబులో ఉంచుకోండి.

పసివాళ్ల విషయంలో మరికొన్ని. ఏడాది లోపు పిల్లలకు తేనె నాకించొద్దు. రెండేళ్ల లోపు వారికి కర్పూరం కలిసిన మందులు ముక్కుకు, ఛాతీకి రాయొద్దు. మరిగే నీళ్ల గిన్నె ముందు పిల్లల్ని కూర్చోబెట్టి ఆవిరి పట్టించటం వల్ల ఒళ్లు కాలిన ఘటనలెన్నో. ముక్కులో సెలైన్‌ చుక్కలు చాలు.

ఎప్పుడు డాక్టర్‌ దగ్గరికి?

ఛాతీలో నొప్పి, బరువు, చెమటలు పట్టటం, మూతి వంకర పోవటం, మాట తడబడటం, ఓ చెయ్యి బలహీనపడటం వంటివి కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు. పిల్లల్లో డొక్కలు ఎగరేయటం, పాలు తాగకపోవటం, మూడు రోజులకు మించి జ్వరం ఉన్నా తాత్సారం కూడదు. అరవై దాటినవారు, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు ఏటా ఫ్లూ టీకా గురించి డాక్టర్‌తో మాట్లాడాలి. టీకా పనిచేయటానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి చలి ముదరక ముందే తీసుకుంటే మంచిది. ఈ ఏర్పాట్లన్నీ అయ్యాయంటే ఇక నిశ్చింతగా సాయంత్రాలు చారు గ్లాసులతో, కబుర్లతో గడిపేయొచ్చు.