సర్వరులో పి.హెచ్.పి. వర్షను మార్పు: మా సంఘమునకు కలిగిన అనుభవము

2025 జూన్ నెలలో పది రోజుల వ్యవధిలో మా సంఘపు వెబ్‌సైటు మీద తొమ్మిది చీరలు అమ్ముడైనవి. ఆ తొమ్మిదింటిలో ఒక్కటియు మా సరుకుగదిలో లేదు. డబ్బు మాత్రము బ్యాంకులో సక్రమముగా జమ పడినది. ఏడుగురికి క్షమాపణ చెప్పుకొని సొమ్ము తిరిగి పంపినాము. మిగిలిన ఇద్దరు శ్రావణములో జరుగు పెండ్లికని కొన్నవారు. ఒక మగ్గము మీద అదే రంగు పడుగు సిద్ధముగా నుండుట మా అదృష్టము. ఆ నేతగాని బ్రతిమాలి, వేరే పని ఆపించి, ఆ రెండు చీరలు నేయించి పంపినాము.

ఇది దొంగతనము కాదు, పద్దు తప్పు కాదు. జూన్ 16వ తేదీ సోమవారము రాత్రి మేము సర్వరులో పి.హెచ్.పి. అను దానిని పాత వర్షను నుండి కొత్త వర్షనునకు మార్చినాము. అంతే జరిగినది. షోలాపురములో మాకు జరిగినది సేలములోను, బరంపురములోను, మరి ఇతర చోట్లను వెబ్‌సైటు పెట్టుకొన్న మన సంఘములకు జరుగకుండుటకై దీనిని వివరముగా వ్రాయుచున్నాము. మేము మెట్రిక్ వరకే చదివినవారము. ఈ పని చేసిపెట్టినది మా సభ్యులలో ఒకరి కుమారుడు. అతని ప్రక్కన కూర్చుండి మేము తెలిసికొన్నంత వరకు చెప్పెదము.

కొనుగోలుదారు మన వెబ్‌సైటు తెరచినప్పుడెల్ల, మనము అద్దెకు తీసుకొన్న ఒక యంత్రము ఆ పుటను అప్పటికప్పుడు కూర్చి పంపును. దానినే సర్వరందురు. దాని మూలవ్యవస్థ పేరు లినక్సు; లినక్సులో పెక్కు రకములు కలవు, మాది ఉబుంటు. దాని మీద పి.హెచ్.పి. పని చేయును. నేతపనివారికి దీనిని చెప్పుట సులభము. పి.హెచ్.పి. జాకార్డు పెట్టె వంటిది. మన వెబ్‌సైటు ప్రోగ్రాము దానికి వేయు అట్టల వంటిది. పెట్టె చేసినవారొకరు, అట్టలకు చిల్లులు కొట్టినవారొకరు. పెట్టె మార్చిన దినమున అట్టలు పాతవే యుండును. కొక్కెముల వరుసలో తేడా యున్నచో మగ్గము ఆగిపోవచ్చును. ఆగక, పూవు పడవలసిన చోట మరియొకటి నేయుచు పోవచ్చును. రెండవదే ఎక్కువ నష్టము.

ఈ పి.హెచ్.పి.ని రాస్మస్ లెర్డార్ఫ్ అను నతడు 1994లో తన సొంత పుటల కొరకు ప్రారంభించి, 1995లో అందరకు ఇచ్చివేసినాడు. నేటికిని ఉచితమే. 5వ వర్షను తరువాత 7వది వచ్చినది. 6 అను వర్షను విడుదల కానేలేదు. 2020 నవంబరులో 8.0 వచ్చినది. మా వెబ్‌సైటు అదే సంవత్సరము తయారైనను, తయారుచేసినవారు దానిని 7.4 మీద పెట్టి ఇచ్చినారు.

బాగుగా నడచుచున్న దానిని మార్చుట ఎందుకని మా కార్యవర్గములో ఒక పెద్దాయన అడిగినారు. న్యాయమైన ప్రశ్నే. ప్రతి వర్షనునకు గడువు కలదు. గడువులోపల ఏదైన లోపము బయటపడినచో దానిని సరిచేసి పంపుదురు. గడువు దాటిన పిమ్మట లోపము లోకమునకు తెలియును గాని మరమ్మతు రాదు. మన వద్ద కొనుగోలుదారుల పేర్లు, చిరునామాలు, ఫోను నెంబర్లు ఉన్నవి. తలుపు గొళ్ళెము విరిగినదని ఊరందరకు తెలిసిన ఇంటిలో పరుల సొమ్ము దాచినట్లగును. పి.హెచ్.పి. తయారీదారులు 7.4కు గడువు 2022 నవంబరు 28తో ముగించినారు. 8.1కి 2025 డిశంబరు 31, 8.2కి 2026 డిశంబరు 31, 8.3కి 2027 డిశంబరు 31, 8.4కి 2028 డిశంబరు 31 గడువులుగా ప్రకటించినారు.

2022లో గడువు ముగిసినదానిని 2025 వరకు ఎట్లు వాడితిరని అడుగవచ్చును. ఉబుంటువారు తమ వ్యవస్థతో పాటు ఇచ్చిన పి.హెచ్.పి.కి, ఆ వ్యవస్థ గడువున్నంత వరకు భద్రతా మరమ్మతులు తామే చేసి పంపుదురు. మాది ఉబుంటు 20.04, దానితో వచ్చినది 7.4. ఆ 20.04కు ఉచిత గడువు 2025 మే నెలతో తీరినది. అందుచేత ఇక ఆగుటకు వీలు లేకపోయినది. 22.04తో 8.1, 24.04తో 8.3 వచ్చును. మేము 24.04నే ఎంచుకొన్నాము.

పాత యంత్రము మీదనే మార్పు చేయక, ప్రక్కన వేరొక యంత్రము అద్దెకు తీసుకొన్నాము. ఒక నెల రెండు అద్దెలు కట్టవలసి వచ్చినది. కార్యవర్గము గొణిగినది గాని, ఈ ఖర్చు దండుగ కాదని ఇప్పటికిని మా అభిప్రాయము. ఉబుంటు గడువు ఇంకను ఉన్నవారు ఓండ్రే సూరీ అను నతడు నిర్వహించు భాండారము నుండి కొత్త పి.హెచ్.పి.ని తెచ్చి, ఒకే యంత్రములో పాతదానిని కొత్తదానిని ప్రక్కప్రక్కన ఉంచుకొనవచ్చును. అప్పుడు ఎన్‌జిన్‌ఎక్స్ లేక అపాచీ అమరికలో ఒక పంక్తి మార్చినచో వెబ్‌సైటు కొత్తదానికి మారును. చెడినచో అదే పంక్తి తిరిగి వ్రాసిన పాతదానికి వచ్చును. అట్లు చేయువారు ఒకటి గమనింపవలయును. ఆజ్ఞల తెర మీద వర్షను అడిగినప్పుడు అది చెప్పునది ఆ తెరకు సంబంధించిన వర్షనే. వెబ్‌సైటు వెనుక నడచుచున్నది వేరొకటి కావచ్చును. రెండును విడివిడిగా చూచుకొనవలెను.

మార్పునకు ముందు మొత్తము ప్రోగ్రామునకు, ఖాతాల భాండారమునకు నకళ్ళు తీసి, ఆ నకళ్ళ నుండి కొత్త యంత్రము మీద వెబ్‌సైటును నిలబెట్టినాము. నకలు తీసి పెట్టెలో దాచినంత మాత్రమున చాలదు. దాని నుండి తిరిగి నిలబడునో లేదో చూచినప్పుడే అది నకలు.

మొదట తెరచినప్పుడు తెల్లని పుట వచ్చినది, అక్షరము లేదు. ఇందులకు జంకవలసినది లేదు. లోపముల చిట్టాలో కారణము వ్రాసియున్నది. ఈచ్, క్రియేట్ ఫంక్షన్ అను రెండు పాత ఆజ్ఞలను 8.0లో తీసివేసినారు, మా ప్రోగ్రాములో రెండును ఉన్నవి. లేనిదానిని లెక్కింపుమని కౌంట్ ఆజ్ఞ ఇచ్చినచో 7.4 హెచ్చరించి ఊరకుండును, 8.0 మొదలు పని ఆపివేయును. అదియు మూడు చోట్ల కనబడినది. ఇట్టివి పట్టుకొనుటకు పి.హెచ్.పి. కంపాటిబిలిటీ అను ఉచిత పరీక్ష సాధనము కలదు. మా అబ్బాయి దానితో వెదకి రెండు రోజులలో సరిచేసినాడు.

తరువాత తెలుగు విషయము. యు.టి.ఎఫ్. 8 అను పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటి మూడేసి బైట్లు పట్టును. ‘చీర’ అను మాటను సాధారణ ఆజ్ఞ తొమ్మిదిగా లెక్కించును. ఎంబీస్ట్రింగ్ అను అనుబంధముతో లెక్కించిన మూడు. మన కంటికి రెండక్షరములే గాని అది గుడి దీర్ఘమును వేరుగా లెక్కించును. చీరల పేర్లు పొడుగైనచో కుదించి చూపు చోట ఈ అనుబంధమే దిక్కు. లేనిచో అక్షరము నడుమ తెగి, పేరు చివర ప్రశ్నార్థకపు చిహ్నము పడును. ఉబుంటులో ఇట్టి అనుబంధములను ప్రతి వర్షనునకు విడిగా తెచ్చుకొనవలెను. పాతదానికి ఉన్నది గదా యని కొత్తదానికి రాదు. బొమ్మలు చిన్నవి చేయు జి.డి., ఖాతాలతో మాటలాడు మైసీక్వెల్ అనుబంధము కూడ అంతే.

అమరికల పత్రమును గూర్చియు అదే మాట. పాత యంత్రములో ఎవరో ఎప్పుడో మార్చిన అంకెలు కొత్త పత్రములో నుండవు. పి.హెచ్.పి. తనంతట తాను రెండు మెగాబైట్లకు మించిన దస్త్రమును పైకి ఎక్కింపనీయదు. నేటి ఫోనుతో తీసిన చద్దరు ఫోటో ఒక్కటే నాలుగైదు ఉండును. కాలమండలము కూడ కోల్‌కత అని మనము వ్రాయనిచో అది గ్రీనిచ్ కాలముతో సమానమైన యు.టి.సి.ని పట్టుకొనును. మన గడియారమునకు ఐదున్నర గంటలు వెనుక. తెల్లవారుజామున వచ్చిన ఆర్డరు ముందునాటి పద్దులో పడును. ఈ రెండును మేము ముందే కనిపెట్టి సరిచేసినాము.

అన్నియు సరిచేసినామని అనుకొన్నాము. ఒక్కరోజు ముందు, వెబ్‌సైటు పేరునకు చిరునామా చూపు పట్టిక గడువును ఐదు నిమిషములకు తగ్గించి పెట్టుకొని, సోమవారము రాత్రి పది గంటలకు ఆర్డర్లు ఆపి, చివరి ఖాతాలు కొత్త యంత్రమునకు చేర్చి, ఒంటిగంటకు తెరచినాము. మరునాడు అందరును బాగున్నదన్నారు.

ఇక ఆ తొమ్మిది చీరల సంగతి. సరుకు ఎంత యున్నదో వ్రాయు గడిని, తయారుచేసినవారు అంకెల గడిగా కాక అక్షరముల గడిగా పెట్టినారు. మా సరుకుగది పద్దు చూచు అక్కగారు సరుకు అయిపోయినప్పుడు కొన్నిటికి సున్న వ్రాయుదురు, కొన్నిటికి ఖాళీగా వదలుదురు. ఐదేండ్లుగా అట్లే జరిగినది, తప్పు రాలేదు. ప్రోగ్రాము “ఈ గడి సున్నకు సమానమా?” అని అడుగును; సమానమైనచో “సరుకు లేదు” అని చూపును. 7వ వర్షను ఖాళీ గడిని సున్నగా భావించి ‘అవును’ అనెడిది. 8.0 మొదలు ఈ పోలిక నియమమే మారినది. అంకెను అంకె కాని అక్షరములతో పోల్చవలసి వచ్చినచో, అంకెను కూడ అక్షరముగా చేసి పోల్చును. సున్న అను అక్షరము వేరు, ఏమియు లేకుండుట వేరు. కనుక ‘కాదు’ అనినది. సరుకున్నదని చూపి డబ్బు తీసికొన్నది. గడిలో ‘లేదు’ అని తెలుగులో వ్రాసినను ఇదే ఫలితము. సున్న అని అంకెతో వ్రాసినవి మాత్రము పూర్వమువలెనే సరిగా నడచినవి. అందుచేతనే తప్పు తొమ్మిదింటితో ఆగినది.

చిట్టాలో దీనిని గూర్చి ఒక్క పంక్తి లేదు. పి.హెచ్.పి. దృష్టిలో ఇది లోపమే కాదు. పరీక్ష సాధనములును దీనిని పట్టలేవు. గడిలో ఏమి వ్రాసియున్నదో వానికి తెలియదు. మేము పరీక్షించినప్పుడు ఐదు ఉన్న చీరను చూచినాము, సున్న ఉన్న చీరను చూచినాము. ఖాళీగా ఉన్నదానిని చూడలేదు. తప్పు మాదే. పద్దులు ఎట్లు వ్రాయబడుచున్నవో సరుకుగదిలో కూర్చుండి ఒక పూట గమనించియున్నచో తెలిసెడిది. కంప్యూటరు తెలిసిన అబ్బాయికి అక్కగారి అలవాటు తెలియదు. అక్కగారికి పోలిక నియమము తెలియదు. ఇద్దరిని ఎరిగినది కార్యదర్శులమైన మేమే.

తరువాత గడిని అంకెల గడిగా మార్చి, ఖాళీగా వదలినచో పద్దు చేరకుండునట్లు చేసినాము. ప్రోగ్రాములో పోలికకు ముందు విలువను అంకెగా మార్చు ఆజ్ఞ చేర్చినాము. ఇటువంటి పోలికలు ఇంకను పదునాలుగు దొరకినవి. అందులో ఒకటి సభ్యుల కూలి బకాయిల పట్టికలో ఉన్నది. అది ఎవరి కూలికిని అడ్డము రాకముందే చిక్కినందుకు సంతోషించినాము.

పాత యంత్రమును జూలై నెలాఖరు వరకు ఉంచి, పిదప అందలి కొనుగోలుదారుల వివరములు తుడిపించి అద్దె మాన్పించినాము. రాత్రిపూట తనంతట తాను నడచు లెక్కల పని కొత్త యంత్రము మీద కూడ నడచుచున్నదో లేదో వారము రోజులు చూచినాము. వర్షను మార్చునప్పుడు మేము వరుసగా చూచిన అంశముల పట్టీ, ఖాళీ గడితో సహా, కార్యాలయములో వ్రాసి యుంచినాము. కావలసిన సంఘములవారు ఉత్తరము వ్రాసినచో నకలు పంపెదము. ఇప్పుడు వాడుచున్న వర్షను సంఖ్యను కూడ తప్పక తెలుపగలరు.