ఉప్పునీటి పెరట్లో బీట్‌రూట్

బీట్‌రూట్ అనగానే మన హాస్టల్ మిత్రులకు గుర్తుకొచ్చేది మెస్సులో వడ్డించే ఆ తియ్యటి వేపుడు. సగంమంది దాన్ని కంచం అంచుకు నెట్టేస్తారు. ఎవరి రుచి వారిది, కాదనను. కాని బావి నీళ్ళు ఉప్పుబారి, పెరడు మీద ఆశ వదులుకున్న ఇళ్ళకు ఈ దుంప చేసే ఉపకారం వేరు. అది చెబుదామనే ఈ వ్యాసం.

మాది బాపట్ల ప్రాంతంలో సముద్రానికి దగ్గరగా ఉన్న పల్లె. ఇసుక నేల. మా బావి నీరు ఏటేటా ఉప్పెక్కుతూ వచ్చింది. ముందు ఉల్లి పోయింది, తరువాత ముల్లంగి. "ఇంక చాల్లేరా, కూరలు కొనుక్కు తిందాం" అని అమ్మ పార పక్కన పడేసింది. వారం వారం కూరలకు డబ్బు తియ్యడమంటే మా ఇంట్లో మాటలు కాదు. మూడేళ్ళుగా చలికాలంలో ఆ మళ్ళలో బీట్‌రూట్ పండుతోంది.

ఇందులో మంత్రమేమీ లేదు. నేలలో ఉప్పు ఎక్కువైతే అది నీటిని పట్టుకుని వదలదు. తడి ఉన్నా వేరుకు అందదు. బీట్‌రూట్‌కు మూలమైన అడవి మొక్క ఐరోపా సముద్రతీరాల్లో ఈనాటికీ పెరుగుతోంది. ఉప్పును ఆకుల కణాల్లో విడిగా దాచుకుని, దాని బలంతోనే నీటిని పైకి లాగడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య. పొటాషియం చేసే పనిలో కొంత సోడియంతో కూడా నడిపించుకుంటుంది. నేల ఉప్పదనాన్ని డెసీసీమెన్స్‌లో కొలుస్తారు. ఫ్రెంచి చిక్కుడు 1 దాటితేనే దెబ్బతింటుంది, ఉల్లి, ముల్లంగి 1.2 దాటితే. బీట్‌రూట్ 4 దాకా ఓర్చుకుంటుంది. ఆ పైన ఒక్కో యూనిట్‌కు దిగుబడి సుమారు 9 శాతం చొప్పున పడిపోతుంది. కాబట్టి దీనికీ ఒక హద్దుంది. ముందు నీళ్ళు, మట్టి పరీక్ష చేయించుకోవడం మంచిది.

అసలు కిటుకు మొలక దగ్గర ఉంది. పెద్దయ్యాక ఎంత మొండిదో, మొలిచేటప్పుడు అంత సుకుమారం. ఉప్పునీరు పోస్తే విత్తనం లేవదు. అందుకే అక్టోబరు ఆఖరు నుంచి నవంబరు మధ్యలోపు, మంచి వాన పడి పైమట్టిలో ఉప్పు కడుక్కుపోయాక విత్తాలి. మేము తొట్టిలో పట్టిన వాన నీటినే మొదటి రెండు వారాలు చల్లుతాం. బోదె నెత్తి మీద మాత్రం పెట్టకండి. కాలవలో పారిన నీరు పైకి ఎగబాకి ఆరిపోతూ ఉప్పునంతా అక్కడే వదిలేస్తుంది. బోదె పక్క వాలులో, అర అంగుళం లోతున నాటాలి. మళ్ళను ఎండగట్టకూడదు. తడి ఆరేకొద్దీ ఉప్పు చిక్కబడుతుంది. మేము ఎండుగడ్డి పరుస్తాం.

మనం విత్తనం అనుకునేది నిజానికి కొన్ని కాయలు అతుక్కున్న చిన్న ఉండ. అందుకని ఒక్కచోటే రెండు, మూడు మొలకలు వస్తాయి. అన్నీ పచ్చగా కళకళలాడుతుంటే పీకడానికి చెయ్యి రాదు. అయినా బెత్తెడుకు ఒకటి చొప్పున ఉంచి తక్కినవి తీసెయ్యాల్సిందే. లేకపోతే ఆకే గాని దుంప ఊరదు. పశువుల ఎరువు బాగా చివికినదైతే చాలు. యూరియా దట్టించినా అంతే, ఆకే మిగులుతుంది.

అరవై, డెబ్భై రోజులకు దుంప నిమ్మకాయను మించి, బత్తాయిని చేరకముందే తవ్వెయ్యండి. ముదిరితే పీచు. ఎండలు ముదిరాక ఊరిన దుంపను కోస్తే లోపల తెల్ల వలయాలు కనిపిస్తాయి, రుచీ తగ్గుతుంది. విత్తనం మాత్రం ఏటా కొనాల్సిందే. చాలినంత చలి తగిలితే గాని ఇది పువ్వెత్తదు, మన తీరంలో ఆ చలి ఎక్కడిది? (ఈ కూర తిన్న మర్నాడు కొందరికి మూత్రం ఎర్రగా పోతుంది. అది దుంప రంగే, కంగారు పడి ఆస్పత్రికి పరుగెత్తకండి.)

పీకేసిన మొలకలు, తరువాత ఆకులు పారెయ్యొద్దు. ఇది తోటకూర కుటుంబపు మొక్కే. కందిపప్పులో వేస్తే పాలకూర పప్పులాగే ఉంటుంది. అయితే ఉప్పు దాచుకున్న ఆకు కదా, పప్పు ఉడికాక రుచి చూసి మరీ ఉప్పు వేయండి.