హీటర్ ప్లగ్ విరిగితే హెడ్‌కే ఎసరు
మర చుట్లకు పేస్ట్ పూయడంలోనూ మెలకువలు అవసరం

పాడేరు: మన్యంలో చలి ముదిరే కొద్దీ వేకువజామున డీజిల్ వాహనాలను కదిలించడం డ్రైవర్లకు ప్రయాసగా మారుతుంది. లంబసింగి, వంజంగికి పర్యాటకులను తీసుకువెళ్లే వాహనాలు తెల్లవారకముందే బయలుదేరాలి. సెల్ఫ్ కొట్టగా కొట్టగా తెల్లటి పొగ వదిలి, వణుకుతూ అందుకునే ఇంజిన్లలో దోషం చాలాసార్లు బ్యాటరీది కాదు, హీటర్ ప్లగ్‌లది. వాటిని మార్చడం చిన్న పనే. అయితే ఏళ్ల తరబడి బిగుసుకుపోయిన ప్లగ్ విప్పబోతే మధ్యకు విరుగుతుంది. అప్పుడు హెడ్ దించక తప్పదు. అద్దెకు తిరిగే బండికి సీజన్‌లో నాలుగు రోజులు షెడ్డులో ఉండటమంటే ఆ నెల కిస్తీ గల్లంతయినట్లే.

గ్లో ప్లగ్‌గా పిలిచే ఈ పరికరం సిలిండరుకు ఒకటి చొప్పున ఉంటుంది. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ఉండదు; గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే ఇంధనం మండుతుంది. చలివేళ ఆ వేడిలో అధిక భాగాన్ని చల్లని లోహమే పీల్చుకుంటుంది. ఆ లోటు తీర్చేందుకు ప్లగ్ కొన కొద్ది క్షణాల్లో 850 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడెక్కుతుంది. లారీలు, ట్రాక్టర్లలో చాలావాటికి ఈ ఏర్పాటు ఉండదు. ఇది ప్రధానంగా కార్లు, జీపుల సమస్య.

మైదాన ప్రాంతాల వాహనాలకు మరో చిక్కు ఉంది. అక్కడి ఎండలకు, ముఖ్యంగా డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లు, ఒకటి రెండు ప్లగ్‌లు పాడైనా స్టార్టవుతూనే ఉంటాయి. కాబట్టి యజమాని పట్టించుకోడు. ప్లగ్ పదేళ్లయినా ఉన్నచోటే ఉండి హెడ్‌తో ఏకమైపోతుంది. 2020 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్-6 నిబంధనలు అమల్లోకి రావడంతో మారుతీ డీజిల్ కార్లను నిలిపివేసింది. అంటే రోడ్లపై ఉన్న ఆ సంస్థ డీజిల్ కార్లన్నీ ఇప్పుడు వయసు మీరుతున్నవే.

ప్లగ్ ఉక్కు, హెడ్ సాధారణంగా అల్యూమినియం. రెండు వేర్వేరు లోహాల మధ్య తేమ చేరితే తుప్పు త్వరగా పడుతుంది. దీనికి తోడు ప్లగ్ కింది అంచు సరిగా కూర్చోకపోతే దహన వాయువులు పైకి పాకి మసి గట్టిపడుతుంది. ఈ రెండింటిని అడ్డుకునేందుకే మర చుట్లకు యాంటీ సీజ్ పేస్ట్ వాడతారు. గ్రీజులో రాగి, నికెల్ వంటి లోహపు పొడిని కలిపి దీనిని తయారు చేస్తారు. వేడికి గ్రీజు ఆవిరైపోయినా పొడి చుట్ల మధ్య నిలిచి, రెండు లోహాలు అంటుకోకుండా చూస్తుంది. చక్రాలకు వాడే మామూలు గ్రీజు ఇక్కడ పనికిరాదు. అది మాడి, తానే మసిగా మారుతుంది. అల్యూమినియం హెడ్‌కు రాగి పేస్ట్ కంటే నికెల్ లేదా సిరామిక్ రకం మేలు.

అలాగని గుప్పెడు పూస్తే లాభం లేదు. చుట్ల నడిమి భాగంలో పలుచని పూత చాలు. వేడెక్కే కొనకు, కింద ఆనుకునే వాలు అంచుకు అసలు అంటకూడదు. ప్లగ్‌కు వచ్చే విద్యుత్తు దాని ఒంటి ద్వారానే హెడ్‌కు చేరి ఎర్త్ అవుతుంది. ఆ అంచు శుభ్రంగా ఉంటేనే అటు ఎర్త్, ఇటు వాయువుల కట్టడి రెండూ సక్రమంగా జరుగుతాయి. కొన్ని కంపెనీలు పొడి మరకే బిగించాలని చెబుతాయి. అలాంటి బండికి మాన్యువల్ మాటే వినాలి.

చాలామంది మరచిపోయే సంగతి మరొకటి ఉంది. పేస్ట్ పూసిన మర జారుడుగా ఉంటుంది. పొడి మరకు చెప్పినంత బలమే వాడితే ప్లగ్ అవసరానికి మించి బిగుసుకుంటుంది. కాబట్టి బిగించే బలాన్ని 20 నుంచి 30 శాతం తగ్గించడం పరిపాటి. 10 మిల్లీమీటర్ల మర ఉన్న ప్లగ్‌కు సాధారణంగా 12 నుంచి 18 న్యూటన్ మీటర్లు, 8 మిల్లీమీటర్ల దానికి 8 నుంచి 10 చెబుతారు. చేతి అంచనా వద్దు, టార్క్ రెంచి ఉండాలి.

విప్పేటప్పుడు ఇంకా జాగ్రత్త అవసరం. 10 మిల్లీమీటర్ల ప్లగ్ సుమారు 35 న్యూటన్ మీటర్లకు, 8 మిల్లీమీటర్లది 20కే విరిగే ప్రమాదం ఉంది. 20 సెంటీమీటర్ల పానాపై 18 కిలోల బరువు వేసినంత బలమే ఆ 35 న్యూటన్ మీటర్లు. మనిషి చేయి అంతకు మించే లాగగలదు. పాత ప్లగ్‌ల విషయంలో ముందురోజే తుప్పు వదిలించే నూనె పోసి నాననివ్వాలి. ఇంజిన్‌ను బాగా వేడెక్కించాక కొద్దిగా వదులు చేసి, మళ్లీ కొద్దిగా బిగిస్తూ విప్పుకోవాలి. కదలకపోతే ఆపి మరికొంత నూనె పోయాలే తప్ప పానాకు పైపు తొడగరాదు. ప్లగ్ వచ్చాక రంధ్రంలోని మసిని గ్రీజు పూసిన రీమర్‌తో తీయాలి. గ్రీజుకు అంటుకున్న మసి సిలిండర్‌లో పడదు.

ఏ ప్లగ్ పాడైందో తెలుసుకునేందుకు అన్నింటినీ విప్పనక్కర్లేదు. వైరు తీసి మల్టీమీటర్‌తో కొలిస్తే మంచి లోహపు ప్లగ్ సుమారు ఒక ఓం, అంతకు తక్కువే చూపిస్తుంది. రీడింగే రాకపోతే లోపలి తీగ తెగినట్లే. కొత్త నమూనాల్లో వచ్చే సిరామిక్ ప్లగ్‌లు పెళుసు. కింద పడితే పైకి పగులు కనిపించకపోయినా బిగించకూడదు.