తెలుగు పాఠ్యనిధికి నిరంతర ఏకీకరణ: ఒక ప్రాథమిక పైప్‌లైన్ నిర్మాణం

వ్యాస సంగ్రహం

పాత తెలుగు గ్రంథాలను యూనికోడ్ పాఠంగా సిద్ధం చేసే పనిలో పలువురు పాల్గొన్నప్పుడు కంటికి కనిపించని సంకేతదోషాలు పాఠంలో చేరి, పదసూచికలను, పదాల లెక్కలను దెబ్బతీస్తాయి. సాఫ్ట్‌వేర్ రంగంలో స్థిరపడిన ‘కంటిన్యువస్ ఇంటిగ్రేషన్’ (నిరంతర ఏకీకరణ) పద్ధతిని ఈ సమస్యకు అన్వయించి, ఒక చిన్న పరీక్షావ్యవస్థను నిర్మించే క్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. యంత్రం దోషాన్ని పట్టి చూపాలే తప్ప తానుగా దిద్దకూడదని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: పాఠ్యనిధి, యూనికోడ్, గిట్, నిరంతర ఏకీకరణ, పాఠపరిష్కరణ

1. ఉపోద్ఘాతం

మా విభాగంలో విద్యార్థులు కొంత టైపు చేసి, కొంత ఓసీఆర్ ద్వారా తీసి సిద్ధం చేసిన ఒక పాత యాత్రాగ్రంథంలో ‘సంస్థానం’ అనే మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించవలసి వచ్చింది. కంప్యూటరు చూపిన సంఖ్య, అచ్చుప్రతిలో చేత్తో లెక్కించినదానిలో దాదాపు సగమే ఉంది. కారణం వెతకగా కొన్ని అధ్యాయాల్లో ‘సంస్థానం’ బదులు ‘స౦స్థాన౦’ అని ఉన్నట్టు తేలింది. రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. మొదటిదానిలో ఉన్నది పూర్ణానుస్వారం. రెండవదానిలో ఉన్నది తెలుగు అంకె సున్న. యూనికోడ్‌లో ఈ రెండింటివీ వేర్వేరు స్థానాలు కనుక యంత్రం దృష్టిలో ఇవి రెండు వేర్వేరు మాటలు. అప్పటికే ఒక పరిశోధక విద్యార్థి ఆ లెక్కల ఆధారంగా ఒక అధ్యాయం రాసి ఉన్నారు. దాన్ని తిరగరాయవలసి వచ్చింది.

ఇది ఒకరి అజాగ్రత్త వల్ల జరిగినది కాదు. ప్రూఫు దిద్దేవారు ఎంత నిపుణులైనా కంటికి కనిపించని భేదాన్ని పట్టుకోలేరు. పాఠంలో మార్పు జరిగిన ప్రతిసారీ ఇటువంటి దోషాలను వెతికే ఏర్పాటు ఉండాలి.

2. పద్ధతి నేపథ్యం

ఒకే ప్రోగ్రామును పలువురు రాసేటప్పుడు ఎవరి భాగం వారు నెలల తరబడి విడిగా రాసి చివర కలిపితే, ఆ కలిపే పనే పెద్ద సమస్య అవుతుంది. అందుకు బదులు రోజూ కలుపుతూ, కలిపిన ప్రతిసారీ యంత్రంచేత పరీక్షింపజేయడమే నిరంతర ఏకీకరణ. ఈ పేరును గ్రేడీ బూచ్ 1991లో తన గ్రంథంలో వాడారు. 1990ల చివరలో కెంట్ బెక్ ‘ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్’ పద్ధతిలో దీన్ని ఒక నియమంగా చేశారు. 2000లో మార్టిన్ ఫౌలర్ రాసిన వ్యాసంతో ఇది విస్తృత ప్రచారం పొందింది. మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్ అనే సాధనాన్ని లైనస్ టోర్వాల్డ్స్ 2005లో రూపొందించారు. గిట్‌హబ్ సంస్థ తన ‘యాక్షన్స్’ సేవను 2019లో అందరికీ అందుబాటులోకి తెచ్చింది. బహిరంగ రిపాజిటరీలకు అది సాధారణ వినియోగంలో ఉచితం. ఈ వ్యాసంలోని నమూనా దానిమీదే ఆధారపడింది. గిట్‌ల్యాబ్ వంటి ఇతర వేదికల్లోనూ ఇటువంటి సేవలున్నాయి. పేర్లు మారతాయి, క్రమం మారదు.

3. ఏమి పరీక్షించాలి?

పైప్‌లైన్ నిర్మాణం ఒక పూట పని. ఏ నియమాలను పరీక్షించాలో నిర్ణయించడమే అసలైన శ్రమ. ఆ పని కంప్యూటర్ శాఖవారిది కాదు, తెలుగువారిది.

అంకె సున్న సంగతినే తీసుకుందాం. పాఠంలో ఆ సంకేతాన్ని పూర్తిగా నిషేధిద్దామా అంటే కుదరదు. పాత ముద్రణల్లో పుటసంఖ్యలు, సంవత్సరాలు తెలుగు అంకెల్లో ఉంటాయి. ‘౧౦౦’ సక్రమమైన ప్రయోగమే. కనుక ‘అంకె సున్నకు ముందు గాని వెనుక గాని తెలుగు అక్షరమో గుణింతపు గుర్తో ఉంటే అది దోషం’ అని నియమం రాసుకోవాలి. ‘౧౦౦కి’ వంటి రూపాలు అప్పుడూ పట్టుబడతాయి. వాటి సంగతి చివరలో చెబుతాను.

విసర్గది ఇదే కథ. ‘దుఃఖం’ అనవలసిన చోట ‘దు:ఖం’ అని కోలన్ పెట్టి టైపు చేయడం ఎంత సాధారణమో పరిశోధనపత్రాలు దిద్దే ప్రతి అధ్యాపకునికీ తెలుసు. రెండు తెలుగు అక్షరాల మధ్య ఖాళీ లేకుండా కోలన్ వస్తే దాన్ని అనుమానించాలి.

ఐత్వం ఇంకొంచెం సూక్ష్మమైనది. ‘కై’ అనే అక్షరంలోని ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ, ఎత్వం, దాని కింది ఐత్వచిహ్నం అనే రెండు గుర్తులుగానూ నమోదు చేయవచ్చు. యూనికోడ్ ప్రమాణం ఈ రెండింటినీ సమానంగా పరిగణిస్తుంది. కానీ సాధారణ వెతుకుడు యంత్రాలన్నీ అలా పరిగణిస్తాయనే హామీ లేదు. పాఠమంతటినీ ‘ఎన్‌ఎఫ్‌సి’ అనే సాధారణీకృత రూపంతో పోల్చి చూస్తే ఈ భేదం బయటపడుతుంది. అయితే ఎత్వానికి విడి దీర్ఘచిహ్నం చేర్చి ఏత్వంలా కనిపింపజేసిన చోట్ల ఈ ఉపాయం పనిచేయదు. ఆ జంటకు యూనికోడ్‌లో సమానత్వం లేదు. ఆ చిహ్నం విడిగా కనిపిస్తే చాలు దోషంగా చూపే మరో నియమం కావాలి.

ఒకే హల్లుపై రెండు గుణింతపు గుర్తులు, మాట మొదట్లో ఒంటరి గుణింతం, వరుసగా రెండు సున్నలు వంటివి తేలిక. వీటి గురించి చర్చ అనవసరం.

అరసున్న, బండి ‘ఱ’ల జోలికి మాత్రం పోకూడదు. మూలంలో అవి ఉన్నా లేకపోయినా అది భాషాచరిత్రకు సాక్ష్యం. 1838లో అచ్చయిన ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ వంటి గ్రంథంలోని వర్ణక్రమాన్ని నేటి అలవాటుతో కొలిచే నియమాన్ని పైప్‌లైన్‌లో పెడితే, పరిశోధకునికి కావలసిన సాక్ష్యాన్నే అది దోషాల జాబితాలో చేరుస్తుంది.

4. పైప్‌లైన్ నిర్మాణక్రమం

మొదట పాఠాన్ని అధ్యాయానికొక ఫైలుగా, యూటీఎఫ్-8 రూపంలో, సాదా పాఠంగా భద్రపరచాలి. వర్డ్ ఫైళ్లు ఈ పనికి అనుకూలం కావు. వాటిలో ఏ వాక్యం మారిందో గిట్ చూపలేదు. తరువాత పై నియమాలను పైథాన్‌లో ఒక చిన్న ప్రోగ్రాముగా రాయాలి. ఎన్‌ఎఫ్‌సి పోలికకు కావలసిన ‘యూనికోడ్‌డేటా’ మాడ్యూలు పైథాన్‌తోపాటే వస్తుంది. ఫైలును తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని స్పష్టంగా పేర్కొనాలి. లేకపోతే లినక్స్‌లో సవ్యంగా నడిచిన ప్రోగ్రాము విద్యార్థి విండోస్ కంప్యూటరులో ఆగిపోయే అవకాశం ఉంది. దోషం కనిపిస్తే ఫైలు పేరు, వరుస సంఖ్య, అనుమానిత పదం ముద్రించాలి. చివరగా దోషాలేమీ లేకుంటే 0, ఉంటే 1 అనే నిష్క్రమణ సంకేతాన్ని ఇవ్వాలి. పైప్‌లైన్‌కు అర్థమయ్యేది ఈ ఒక్క అంకే.

ఆపైన రిపాజిటరీలో ‘డాట్ గిట్‌హబ్’ ఫోల్డరు, అందులో ‘వర్క్‌ఫ్లోస్’ ఫోల్డరు, దానిలో ఒక యామల్ ఫైలు పెట్టాలి. ఆ ఫైలు మూడు సంగతులు చెబుతుంది. ఎప్పుడు నడవాలి: కొత్త మార్పు ‘పుష్’ అయినప్పుడు, ‘పుల్ రిక్వెస్ట్’ వచ్చినప్పుడు. ఎక్కడ నడవాలి: ఉబుంటు లినక్స్ ఉన్న తాత్కాలిక యంత్రంలో. ఏమి చేయాలి: రిపాజిటరీని తెచ్చుకోవడం (చెకౌట్), పైథాన్‌ను సిద్ధం చేయడం, మన ప్రోగ్రామును నడపడం. యామల్‌లో వరుసల ఇండెంట్‌కు ట్యాబ్ మీట వాడరాదు, ఖాళీలే వాడాలి. మొదటిసారి రాసేవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. నేనూ తడబడ్డాను.

ప్రతిసారీ పాఠమంతా పరీక్షిస్తే ఆలస్యమవుతుందనే భయం అక్కరలేదు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పట్టినా, 300 పుటల గ్రంథం ఒకటి రెండు ఎంబీలకు మించదు. ఇక మిగిలింది ఒక్క అమరిక: పరీక్ష నెగ్గనిదే ప్రధాన శాఖలో ఏ మార్పూ కలవకుండా రిపాజిటరీలో ‘బ్రాంచ్ ప్రొటెక్షన్’ నియమం పెట్టాలి. ఇది లేకపోతే ఎర్రగుర్తును చూసీ చూడనట్టు కలిపేయడం మామూలైపోతుంది.

5. పట్టుకోవడం, దిద్దడం

దోషాన్ని కనిపెట్టగలిగిన ప్రోగ్రాము దాన్ని తానే దిద్దవచ్చు కదా అనే ఆలోచన ఎవరికైనా వస్తుంది. మాకూ వచ్చింది. పదాల మధ్య అనవసరంగా చేరిన అదృశ్య సంకేతాలను తొలగించే ఒక స్వయంచాలక దిద్దుబాటును పైప్‌లైన్‌లో చేర్చాము. అది పొల్లును నిలిపి ఉంచే అదృశ్య విభాజకాన్ని కూడా తీసివేసింది. ‘రాజ్‌కుమార్’ కాస్తా ‘రాజ్కుమార్’ అయింది. పరీక్ష మాత్రం నెగ్గినట్టు పచ్చగుర్తు చూపుతూనే ఉంది. గిట్‌లో పాత ప్రతులన్నీ భద్రంగా ఉన్నందువల్ల వెనక్కి మళ్లగలిగాము. ఆ రోజే స్వయంచాలక దిద్దుబాటును తీసివేశాము.

ఇప్పుడు దానికి బదులు మినహాయింపుల పట్టిక అనే సాదా ఫైలు ఉంది. యంత్రం చూపిన పదాన్ని ఒకరు అచ్చుప్రతితో పోల్చి చూస్తారు. టైపు దోషమైతే దిద్దుతారు. మూలంలోనే అలా ఉంటే పదాన్ని, పుటసంఖ్యను, చూసినవారి పొడి అక్షరాలను పట్టికలో చేరుస్తారు. మరుసటిసారి నుంచి యంత్రం ఆ ప్రయోగాన్ని అడ్డుకోదు. ముందు చెప్పిన ‘౧౦౦కి’ వంటివి అందులోకే చేరాయి. ఆ పట్టికలో తొలి ముద్రణ నాటి అచ్చుతప్పులు కూడా కొన్ని ఉన్నాయి. వాటిని పాఠంలో అలాగే ఉంచి అధస్సూచికలో చూపాలా, పాఠంలోనే సవరించి మూలరూపాన్ని అధస్సూచికలో ఇవ్వాలా అన్న విషయంలో మా బృందంలో ఇంకా ఏకాభిప్రాయం కుదరలేదు.