రథం ముగ్గు, కొత్త కారు

"బీఎస్సీ చదివి ముగ్గులేసుకుంటున్నావా?" ఎప్పుడో ఎవరో అన్న ఆ మాట నాకింకా గుచ్చుకుంటూనే ఉంది.

కనుమనాడు ఆదోనిలో మా వాకిట్లో రథం ముగ్గు వేస్తుంటే, ఎమ్మిగనూరు నుంచి వచ్చిన మా ఆడపడుచు కూతురు, ఇంజనీరింగ్ పిల్ల, "అత్తా! కార్ల రూపాలూ ఇలాగే పుట్టించొచ్చు" అంది.

"ఈ గీత ఉంటే పక్కన ఆ గీత" అనే సూత్రాలతో కొత్త ఆకారాలు పుట్టించే పద్ధతిని 1972లో స్టైనీ, గిప్స్ ప్రకటించారు. 2004లో అమెరికా పరిశోధకులు పాత బ్యూక్ కార్ల ముందుభాగాల నుంచి అలాంటి సూత్రాలే రాబట్టారు. వాటితో గీస్తే కారు కొత్తది, పోలిక బ్యూక్‌ది! మా అత్తగారి చుక్కలతోనే నేను వేరే రథం వేసినట్టన్నమాట.

"వందల్లో ఏది బాగుందో ఎవరు చెప్తారే?"

"చూసే కన్నే, అత్తా!"

ఆ కన్ను మనకి లేదూ? ముల్లు ఊడినట్టయింది. రథం తాడు పక్కింటి వాకిలిదాకా లాగాను.